వాయిదా రోజుల వంట

నేను కాపురానికి బరంపురం వచ్చిన ఏడాదే మా చిన్నాన్న మా నాన్న మీద దావా వేశాడు. మా అత్తవారిల్లు సరిగ్గా కోర్టు వెనక సందులో ఉండేది. వంటింటి కిటికీలోంచి చూస్తే కోర్టు మిద్దె, దాని పిట్టగోడ, వరండా చివరి రెండు స్తంభాలు కనిపించేవి. అందుకని ఆ దావా నడిచినన్నాళ్లూ వాదికీ ప్రతివాదికీ భోజనం పెట్టింది నేనే.

మా కన్నవారి ఊరు గిరిసోల దగ్గర. ఊరికీ మా జీడితోటకీ మధ్య ఒక గెడ్డ పారుతుంది. ఎండాకాలంలో అందులో కాలి మడమ కూడా తడవదు. పొలాలు తాత ఉండగానే పంచిపెట్టాడు. ఆయన పోయాక ఆ తోట ఎవరిదన్న మాట వచ్చింది. మొక్కలు నాటింది తనే, కావిడి వేసి నీళ్లు మోసింది తనే, తాత మంచంలో ఉండగా "అది నీదేరా" అని తనతో అన్నాడని చిన్నాన్న చెప్పేవాడు. ఆ మాట తన చెవిన పడలేదని, ఉమ్మడి సొత్తు ఉమ్మడిదేనని నాన్న అనేవాడు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. అందుకే తగువు తెగలేదు. పెద్దకర్మ నాడు అమ్మా పిన్నీ బంధువులందరి ముందూ ఒకరినొకరు అనకూడని మాటలు అనుకున్నారు. ఆ వారంలోనే పెరట్లో మట్టిగోడ లేచింది. దానితో రెండిళ్ల మధ్యా మాటలు ఆగిపోయాయి. అన్నదమ్ములు వీధిలో ఎదురైనా తల తిప్పుకుని వెళ్లిపోయేవారు.

మొదటి వాయిదా రేపనగా నాకు దిగులు పట్టుకుంది. నాన్న మా ఇంటికి రాకుండా ఉండడు. చిన్నాన్నని రావద్దనడానికి నాకు నోరు రాదు. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని ఇచ్ఛాపురం సంతకి తీసుకెళ్లింది ఆయనే. మా ఆయన మునిసిపాలిటీ ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో మేమిద్దరమే. ఏం చెయ్యమంటారని ఆయన్ని అడిగాను.

"ఇద్దరూ నీకు కావలసినోళ్లే కదా. ఇద్దరికీ వడ్డించు. కోర్టులో ఏటి మాటాడుకుంటారో అది ఆళ్ల గొడవ," అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే సందు మొగలో జట్కా ఆగింది. ముందు నాన్న దిగాడు. ఆ వెనకే చేతిలో గొడుగు పట్టుకుని చిన్నాన్న దిగాడు. నేను గుమ్మంలో నిలబడిపోయాను.

"ఒక్క బండిలోనే ఒచ్చీసినారేటి నాన్నా?"

"టేసన్లో ఒక్కటే జట్కా ఉన్నాది. ఆడూ ఎక్కీసినాడు," అన్నాడు నాన్న, చిన్నాన్న వైపు చూడకుండా.

"నానే ముందెక్కినాను. మీ నాన్నే తరవాత ఎక్కినాడు," అన్నాడు చిన్నాన్న.

కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చాను. ఇద్దరికీ రెండు పీటలు, కాస్త ఎడంగా వేశాను. మెత్తళ్ల చేపల పులుసు, వంకాయ కూర చేశాను. కాసేపు ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. తరవాత చిన్నాన్న పులుసు రెండోసారి వేయించుకుంటూ, "అమ్మ సేసినట్టే ఉన్నాది," అన్నాడు. అమ్మ అంటే మా నాయనమ్మ. నాన్న తల ఎత్తాడు. "అమ్మ ఇంకా పులుపు ఎక్కువ ఏసీది," అన్నాడు. అక్కణ్ణించి మాటలు మొదలయ్యాయి. ఎర్ర ఆవు ఈనిందా లేదా, పాత్రపూర్ వైపు వాన పడిందా, ఎవరి వరి నారు ఎంత ఎదిగింది, ఇలా తిన్నంతసేపూ మాట్లాడుకున్నారు. చేతులు కడుక్కుని కోర్టు పెరటి గేటు దాకా కలిసే వెళ్లారు. గేటు దాటాక నాన్న తన వకీలు దగ్గరికి, చిన్నాన్న తన వకీలు దగ్గరికి విడిపోయారు.

అప్పటినుంచి ప్రతి వాయిదాకీ అంతే. గిరిసోలలో ఒకే పాసింజరు ఎక్కేవారు. ఊరివాళ్లు చూస్తారని స్టేషను దాకా వేరువేరుగా నడిచి వచ్చేవారట. రైలు కదిలాక ఒకే బల్ల మీదికి చేరేవారు.

కోర్టు గురించి కొంచెం చెప్పాలి. అది దొరల కాలం కట్టడం. చుట్టూ ఎత్తయిన వరండా, సున్నం గచ్చు చేసిన లావుపాటి స్తంభాలు, ఆకుపచ్చ రంగు వేసిన చెక్క రెక్కల కిటికీలు. లోపల ఎంత ఎండలోనైనా చల్లగా ఉండేది. ఎదురుగా వేపచెట్ల కింద అర్జీలు రాసేవాళ్లు చిన్న చిన్న బల్లలు వేసుకుని కూర్చునేవారు. బంట్రోతు వరండాలోకి వచ్చి కక్షిదారుల పేర్లు అరిస్తే మా వంటింట్లోకి వినిపించేది. మొదట్లో నాన్న పేరు అలా పరాయి గొంతులో వింటే గరిటె వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని. తరవాత అలవాటైంది. ఆ కేక వినగానే పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని.

ఒక వాయిదా రోజు జడ్జీగారు సెలవు పెట్టారని కోర్టు తొందరగా మూసేశారు. నాన్న నన్ను పిలిచి వరండాలోకి తీసుకెళ్లాడు. ఆడవాళ్లు ఊరికే అక్కడికి వెళ్లే రోజులు కావవి. తలమీద కొంగు కప్పుకుని వెనకే నడిచాను. నాన్న పైకి చూపించాడు.

"ఆ దూలం సూడు. బర్మా టేకు. గోపాలపూర్లో ఓడ దిగితే మీ తాత బండి మీద ఇక్కడికి తోలుకొచ్చినాడు. ఇసకలో సక్రాలు దిగబడిపోతే రెండు జతల ఎడ్లు కట్టినారట."

వెనకనుంచి చిన్నాన్న గొంతు వినిపించింది. "అది కాదు. దాని పక్కది."

"నీకెలాగ తెలుసు? అప్పటికి నువ్వు పుట్టనేలేదు."

"నువ్వు పుట్టినావేటి?"

నాన్నకి నవ్వొచ్చింది. తను కూడా పుట్టలేదు మరి. ఇద్దరికీ తాత చెప్పిందే తెలుసు. తాత ఒకడికి ఒక దూలం, ఇంకొకడికి పక్క దూలం చూపించి ఉంటాడు. ఇద్దరూ మెడలు ఎత్తి, ఆ దూలాల మీది బాడిస దెబ్బల గుర్తులు చూస్తూ, ఏది నున్నగా ఉంది, ఏది బరువుండి ఉంటుంది అని చాలాసేపు వాదించుకున్నారు. దావా మాట ఇద్దరిలో ఒక్కరికీ గుర్తున్నట్టు లేదు.

అలా నడుస్తుండగా కొత్త ఒరిస్సా రాష్ట్రం వచ్చింది. అప్పటిదాకా మేమంతా మద్రాసు కింద ఉండేవాళ్లం. మా గంజాం జిల్లా ఒరిస్సాలో కలుస్తుందని ఏళ్ల తరబడి అనుకుంటూనే ఉన్నారు గాని, అనుకోవడం వేరు, నిజంగా కలవడం వేరు. ఊళ్లో ఒడియావాళ్లు సంతోషంగా ఉన్నారు. మా వీధిలో తెలుగువాళ్లు కొందరు ముఖాలు ముడుచుకున్నారు, కొందరు తమకేం పట్టనట్టు ఉన్నారు. పొరుగింటి ఒడియా అమ్మగారు ఆ రోజు నాకు బియ్యప్పిండితో చేసిన పిఠా పంపించింది. నేను గిన్నె ఖాళీగా పంపకూడదని సున్నుండలు పెట్టి పంపాను.

ఆఫీసులు మాత్రం నెలల తరబడి కుదుటపడలేదు. తాలూకా కచేరీలో బీరువాలు బయటికి లాగి, ఏ ఊరి కాగితాలు ఇక్కడ ఉండాలి, ఏవి అవతలికి వెళ్లాలి అని వేరు చేసేవారు. వరండాల నిండా గోనెసంచులే. మద్రాసు వైపు ఉద్యోగులు కొందరు సామాన్లు బండ్ల మీద వేసుకుని స్టేషనుకి వెళ్లిపోయారు. కటకం నుంచి కొత్తవాళ్లు వచ్చి ఇళ్లు వెతుక్కున్నారు. పోస్టాఫీసు దగ్గర, మునిసిపాలిటీ దగ్గర కొత్త బోర్డులు వచ్చాయి. వాటి మీద గుండ్రటి గొడుగుల్లాంటి ఒడియా అక్షరాలు.

మా ఆయనకి ఒడియా మాట్లాడడం వచ్చు, మా అందరికీ వచ్చు. రాయడం రాదు. ఇక ఆఫీసులో అదీ కావాలన్నారు. ఆయన ఆదివారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని బజారుకి బయల్దేరి, దారిలో కనిపించిన ప్రతి బోర్డు దగ్గరా ఆగేవారు. కింద ఇంగ్లీషులో ఏముందో చదివి, పైన ఒడియాలో ఏ అక్షరం ఏదో పోల్చుకునేవారు. "ఇది 'మ' అయ్యుంటాది. మునిసిపాలిటీలో మొదటిది కదా," అనేవారు. అలా నేనూ నేర్చుకున్నాను. ఆయనకి ఉద్యోగం పోతుందేమోనని లోపల బెంగ ఉండేది. నాతో అనలేదు గాని, బోర్డు దగ్గర నిలబడినప్పుడు మీసం కొరుక్కునేవారు. ఉద్యోగం పోలేదు. రెండేళ్లు తిరిగేసరికి దస్తూరీ కూడా కుదిరింది.

మా దావా సంగతి ఆ గందరగోళంలో పడింది. సరిహద్దు మా గెడ్డ దగ్గరే వచ్చింది. గెడ్డకి ఇవతల ఇళ్లు, పొలం, నుయ్యి ఒరిస్సాలోకి వచ్చాయి. అవతల తోట మద్రాసులోనే ఉండిపోయింది. రాష్ట్రం వచ్చాక మొదటి వాయిదాకి నాన్న, చిన్నాన్న వచ్చారు. కోర్టునుంచి తిరిగి వచ్చేటప్పుడు నాన్న వకీలుగారు కూడా వాళ్లతో మా ఇంటికి వచ్చారు. పెద్దాయన, మజ్జిగ పుచ్చుకుని నింపాదిగా చెప్పారు.

"తోట అవతల రాష్ట్రానికి పోయింది. ఈ కోర్టు దాని సంగతి తేల్చవచ్చునా, లేక కాగితాలు అవతలి సోంపేట కోర్టుకి పంపాలా అని పైవాళ్లని అడగాలి. జవాబు వచ్చేదాకా వాయిదా లేదు. ఇంకోటి. ఇదివరకు ఇక్కడ ఓడినవాడు అప్పీలుకి మద్రాసు వెళ్లేవాడు. ఇప్పుడు పాట్నా వెళ్లాలి."

"పాట్నా ఎక్కడున్నాదండి?" అని అడిగాడు చిన్నాన్న.

"గంగ ఒడ్డున," అన్నారు వకీలుగారు.

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పూట ఎక్కువ తినలేదు. సాయంత్రం రైలుకి వెళ్లిపోయారు.

తరవాత చాలా నెలలు ఇద్దరిలో ఎవరూ రాలేదు. కోర్టు వరండాలో కేకలు వినిపిస్తూనే ఉన్నాయి, వాటిలో మావాళ్ల పేర్లు లేవు. మెత్తళ్లు అమ్మే ఆమె గోపాలపూర్ నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, "వాయిదా లేదేటమ్మా, కొనడం మానీసినావు," అని అడిగేది. దావా లేకపోతే పుట్టింటివాళ్లకి మా ఇంటికి రావడానికి వేరే పని ఏముంది? వ్యవసాయం చేసుకునేవాళ్లు. కూతురిని చూడాలనిపించిందని రైలెక్కే అలవాటు లేదు.

చలికాలం వచ్చాక ఒక పొద్దున చిన్నాన్న ఒక్కడూ వచ్చాడు. చేతిలో గొడుగు, చంకలో అరటిగెల. నా ప్రాణం లేచివచ్చింది. మళ్లీ వాయిదా పడిందా అని అడిగాను.

"లేదమ్మా. వకీలుగారిని ఓపాలి సూసి ఎల్దామని," అన్నాడు. కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. వకీలుగారింటికి వెళ్లే ప్రయత్నమేమీ చేయలేదు. అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక, తువ్వాలుతో చాలాసేపు మూతి తుడుచుకుని, గోడ వైపు చూస్తూ అడిగాడు.

"మీ నాన్నకి ఒంట్లో ఎలాగున్నాదట?"

నాకు అర్థం కాలేదు. "అదేటి సిన్నాన్నా, మీరు గోడకి అటూ ఇటూ ఉంటారు కదా. నన్నడుగుతావేటి?"

"గోడ పక్కనే. దగ్గు ఇనిపిస్తాది. తెల్లారగట్ల దగ్గుతాడు, దగ్గుతూనే ఉంటాడు. ఏటైనాదో తెల్దు. అక్కడ అడగలేను కదమ్మా. మీ అమ్మ గుమ్మంలో ఉంటాది. మీ పిన్ని ఈ గుమ్మంలో ఉంటాది. ఇదివరకైతే రైల్లో అడిగీవోణ్ణి."

తోడబుట్టినవాడి దగ్గు సంగతి తెలుసుకోవడానికి ఆయన రైలెక్కి బరంపురం వచ్చాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వంటింట్లోకి వెళ్లి ఏదో గిన్నె సర్దినట్టు నటించాను. మా ఆయన ఆఫీసు నుంచి భోజనానికి వచ్చారు. సంగతి చెప్పాను. ఆయన చిన్నాన్న పక్కన కూర్చుని, "మావయ్యగారిని ఇక్కడ పెద్దాసుపత్రిలో సూపిద్దాం. నాను కబురు పెడతాను. మీరూ రాండి," అన్నారు.

"నానెందుకు?"

"రైల్లో ఆయనకి తోడు కావద్దా?"

చిన్నాన్న గొడుగు ఒళ్లోకి తీసుకుని, "ఆడు ఒప్పుకుంటే," అన్నాడు.

నాన్న ఒప్పుకున్నాడు. మరుసటి వారం ఇద్దరూ కలిసి దిగారు. నాన్న చిక్కిపోయాడు. చిన్నాన్న చేతిలో తన గొడుగుతోపాటు నాన్న సంచి కూడా ఉంది. ఆసుపత్రిలో డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చూసి, చుట్టలు మానమని, రోజూ వేడినీళ్లు తాగమని చెప్పి ఎర్ర మందు ఇచ్చాడు. భయపడాల్సిందేమీ లేదన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నాన్న ఆయాసపడుతుంటే కోర్టు వరండాలో కాసేపు కూర్చోబెట్టాం. ఆ రోజు ఏదో పండగ సెలవు. కోర్టు మూసి ఉంది. బల్లలు ఖాళీగా ఉన్నాయి. నాన్నా చిన్నాన్నా నేనూ, ముగ్గురమే ఉన్నాం.

నాన్నే మాట ఎత్తాడు. "సోంపేట పంపిస్తే ఏటి సేద్దాం?"

"ఎళ్లాలి కదా మరి."

"అక్కడ మనకెవులున్నారు? ఎక్కడ దిగుతాం? అన్నం ఎవులెడతారు?"

చిన్నాన్న గొడుగు కొసతో గచ్చు మీద గీతలు గీశాడు.

"నువ్వు మొక్కలేసినావు. అది నాను కాదనలేదు," అన్నాడు నాన్న. "నాన్న నీకిచ్చినానన్న మాట నా సెవిన పడలేదు. ఇప్పుడు కూడా అదే సెప్తాను. అయితే ఆ మొక్కలకి నీళ్లు మోసినోడివి నువ్వే. తోట నువ్వు తీసుకో."

"ఊరికే నాకొద్దు," అన్నాడు చిన్నాన్న. "నూతి కాడి పల్లపు మడి నా వంతుకొచ్చింది కదా. అది నువ్వు తీసుకో. నీ మడికి ఆనుకునే ఉన్నాది."

"పల్లపు మడి బాగా పండుతాది."

"అందుకే సెప్తున్నాను."

నాన్నకి మళ్లీ దగ్గు తెర వచ్చింది. చిన్నాన్న ఆయన వీపు రాశాడు. నేను మందు సీసా మూత తీసి ఇచ్చాను. వాళ్ల బేరం అంతటితో అయిపోయింది. ఇంటికి వచ్చి ఇద్దరూ పడుకుని మధ్యాహ్నమంతా నిద్రపోయారు.

రాజీ కాగితం దాఖలు చెయ్యడానికి ఇంకోసారి వచ్చారు. దావా ఇంకా ఈ కోర్టులోనే ఉంది కాబట్టి, ఇద్దరూ ఒప్పుకుంటే అడ్డేమీ లేదని వకీళ్లిద్దరూ అన్నారు. నేను వరండాలో తలుపు పక్కన నిలబడి విన్నాను. జడ్జీ స్థానంలో ఉన్న కొత్త మునసబుగారు ఒడియా ఆయన, వయసులో చిన్న. కాగితం ఇంగ్లీషులో చదివించి, తెలుగులో చెప్పించి, ఆ మీదట వాళ్లని తనే ఒడియాలో అడిగారు. "బుఝిలే కి?" అర్థమైందా అని.

నాన్న ఒడియాలో, "ఆజ్ఞా, బుఝిలు," అన్నాడు.

చిన్నాన్న తెలుగులో, "బోధపడ్డాది బాబూ," అన్నాడు.

మునసబుగారు నవ్వారు. ఒక ఇంట్లోవాళ్లే కదా, రెండు భాషలేమిటని అడిగారు. చిన్నాన్నే అన్నాడు. "మాకు రెండూ ఒకటేనండి. నోటికి ఏదొస్తే అది." వకీళ్లు కూడా నవ్వారు. సంతకాలయ్యాయి.

బయటికి వచ్చాక ఇద్దరూ వేపచెట్టు కింద నిలబడ్డారు. సంతోషంగా ఉండాల్సింది, ఏదో పోగొట్టుకున్నవాళ్లలా ఉన్నారు. "ఇంక రానక్కర్లేదు," అన్నాడు నాన్న. నాకు కోపం వచ్చింది. "కోర్టు పనుంటేనే నా ఇల్లు కనిపిస్తాదేటి మీకు? పంటలయ్యాక రండి. పని లేకపోయినా రండి," అన్నాను. సందులో నడుస్తున్నామని కూడా చూసుకోకుండా గట్టిగానే అన్నాను. ఆ ఏడు పంటలయ్యాక వచ్చారు. తరవాత కొన్నిసార్లు ఇద్దరూ, కొన్నిసార్లు ఒకరే వచ్చేవారు. నాన్న పోయేదాకా అలాగే సాగింది.

ఆడవాళ్ల సంగతి అంత త్వరగా తేలలేదు. రాజీ కోర్టుకి చేరింది గాని పెరటి గోడ దాటలేదు. అమ్మా పిన్నీ మాట్లాడుకోలేదు. నాకు పెద్దవాడు పుట్టినప్పుడు అమ్మకి కీళ్లనొప్పులు, రాలేకపోయింది. ఎవరూ పిలవకుండానే పిన్ని వచ్చింది. ఇంగువ, వాము, పాత నేతి డబ్బా పట్టుకుని దిగి, మూడో నెల వెళ్లేదాకా ఉండి, నాకూ బిడ్డకీ స్నానాలు చేయించింది. వెళ్లేముందు రోజు పొద్దున్న అడిగింది.

"ఆ కోర్టు ఎక్కడున్నాదే? ఓపాలి సూపించు."

ఎన్ని మాటలు అనిపించిన కోర్టో, ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఇంకా తలుపులు తెరవలేదు. ఊడ్చేవాడు వరండా కడుగుతున్నాడు. పిల్లాణ్ణి ఎత్తుకుని పిన్ని మెట్ల మీద నిలబడి, ఆ స్తంభాల్ని, కిటికీల్ని, వరండాలోని పొడుగాటి బల్లల్ని చూసింది.

"ఇంత పెద్దదేటి!" అంది. తరవాత, "ఆళ్లిద్దరూ ఎక్కడ కూకునీవోరు?" అని అడిగింది.

చూపించాను. వెళ్లి ఆ బల్ల మీద కూర్చుంది. పిల్లాడు నిద్ర లేచి ఏడుపు మొదలెడితే అక్కడే ఊపుతూ జోకొట్టింది. వాడు ఊరుకున్నాక, "మీ అమ్మకి కీళ్ల నూనె ఇక్కడ దొరుకుద్దా?" అంది. బజారులో దొరుకుతుందని చెప్పాను. "అయితే పద, ఎండెక్కకుండా కొనుక్కుందాం," అని లేచింది.